దీపం కింద పచ్చచీడ

న్యూఢిల్లీ: మన రాజకీయ భాషలో వెలుగు ఎప్పుడూ మంచి మాటే. ఊరికి కరెంటు వచ్చిందంటే అభ్యుదయం వచ్చినట్లు లెక్క. చీకటి అంటే వెనుకబాటుతనానికి మారుపేరు. అందువల్ల చీకటిని కాపాడవలసిందని ఈ రాజధానిలో ఏ సభ్యుడూ ప్రశ్న వేయడు, ఏ సంఘమూ విజ్ఞాపన పత్రం సమర్పించదు. అయినా ఈ దేశంలో చీకటి ఒక సంపదగా, వెలుగు ఒక వ్యాధిగా పరిణమించే చోట్లు కొన్ని ఉన్నవి. అవి మన సున్నపురాతి గుహలు. వాటిలో ఒకటి ఆంధ్రప్రదేశ్‌లోని బొర్రా.

2024–25లో కేంద్ర పర్యాటక మంత్రిత్వ శాఖ 'స్వదేశ్ దర్శన్ 2.0' పథకం కింద బొర్రా గుహల అభివృద్ధికి సుమారు 30 కోట్ల రూపాయలు మంజూరు చేసింది. ఢిల్లీ నుంచి మన్యానికి డబ్బు వెళ్లడం సంతోషించదగిన విషయమే. కాని అభివృద్ధి అనగానే మన ఇంజనీర్లకు మొట్టమొదట తోచేది దీపాలు. గుహ విషయంలో మాత్రం జాగ్రత్త పడవలసింది సరిగ్గా అక్కడే.

పిలవని పంట

భూగర్భంలో సూర్యకాంతి చేరని చోట పచ్చని మొక్క మొలవదు. కిరణజన్య సంయోగక్రియకు కావలసిన నీరు అక్కడ ఉన్నది, లవణాలు ఉన్నవి, ఏడాది పొడుగునా మారని ఉష్ణోగ్రత ఉన్నది. లేనిది కాంతి ఒక్కటే. సందర్శకుల కోసం మనం విద్యుద్దీపం వెలిగించిన క్షణంలో ఆ ఒక్క లోటూ తీరిపోతుంది. గాలిలో, నీటిలో, యాత్రికుల చెప్పులకు, బట్టలకు అంటుకొని వచ్చిన నాచు బీజాలు దీపం చుట్టూ తడిరాతిపై స్థిరపడతాయి. మొదట శైవలాలు, వాటితోపాటు కాంతిని వాడుకొనగల సూక్ష్మజీవులు, తరువాత నాచుమొక్కలు, చివరకు చిన్న చిన్న ఫెర్న్ మొక్కలు కూడా తలెత్తుతాయి. జర్మన్ శాస్త్రజ్ఞులు దీనికి 'లాంపెన్‌ఫ్లోరా' అని పేరు పెట్టారు. దీపాల వల్ల పుట్టిన వృక్షజాలం అని అర్థం. ప్రపంచమంతటా ఆ పేరే వాడుకలోకి వచ్చింది.

దీపం కిందే చీకటి అని మన సామెత. గుహలో మాత్రం దీపం కింద కనబడేది పచ్చచీడ.

పచ్చదనం కంటికి ఇంపుగానే ఉండవచ్చు. కాని ఈ పొర స్రవించే ఆమ్లాలు సున్నపురాతిని మెల్లమెల్లగా కరిగిస్తాయి. గుహ పైకప్పు నుంచి దిగే సున్నపు ఊడలు, నేల నుంచి లేచే స్తంభాలు సాధారణంగా సంవత్సరానికి మిల్లీమీటరులో పదోవంతు పెరగడమే గొప్ప. వేల ఏండ్ల ఆ పనిని పాడు చేయడానికి కొన్ని ఏండ్ల దీపపు వెలుగు చాలు. అంతకన్నా ఘోరం మరొకటి ఉన్నది. నీరు కారుతూ ఉండే చోట ఆ పచ్చని పొరపై కొత్త సున్నపు పొర పేరుకొంటుంది. అప్పుడు మరక రాతిలో భాగమైపోతుంది. ఇక ఏ చీపురూ, ఏ మందూ దానిని తీయజాలదు. చీకటికి అలవాటు పడిన గుడ్డి కీటకాలకు, సూక్ష్మజీవులకు సైతం ఈ కొత్త ఆహారం మేలు చేయదు. బయటి ప్రాణులు లోపలికి చొరబడి, కొద్దిపాటి ఆహారంతో సరిపెట్టుకొనే అసలు నివాసులను వెళ్లగొడతాయి.

లాస్కో చెప్పిన పాఠం

ఈ వ్యాధిని లోకం గుర్తించినది ఫ్రాన్స్‌లో. 1940 సెప్టెంబరులో నలుగురు కుర్రవాళ్లు కనుగొన్న లాస్కో గుహలో ఆదిమానవుడు గీసిన ఎద్దులు, గుర్రాలు, లేళ్లు వేల ఏండ్లపాటు చెక్కుచెదరక నిలిచి ఉన్నవి. 1948లో ఆ గుహను ప్రజలకు తెరిచారు. కొద్ది ఏండ్లకే రోజుకు వెయ్యిమందికి పైగా రాసాగారు. వారి ఊపిరి, వారి ఒంటి వేడి, వారి కోసం వెలిగించిన దీపాలు కలిసి గోడలపై పచ్చని మచ్చలు లేవదీశాయి. ఫ్రెంచివారు దానిని 'పచ్చవ్యాధి' అన్నారు. 1963లో సాంస్కృతిక మంత్రి ఆంద్రే మాల్రో గుహను ప్రజలకు మూసివేయించారు. యాంటీబయాటిక్ మందులు, ఫార్మాలిన్ ప్రయోగించి నాచును అదుపు చేశారు. 1983లో పక్కనే ఒక నకలు గుహను నిర్మించి జనానికి దానినే చూపసాగారు.

కథ అంతటితో ముగియలేదు. 2001లో తెల్లని బూజు అదే గుహలో విజృంభించింది. తరువాత నల్లని మచ్చలు వచ్చాయి. విషం వేసి ఒక జీవిని చంపితే దాని స్థలాన్ని మరొకటి ఆక్రమించుకొన్నది. గుహ ఒకసారి జబ్బుపడితే దాని పాత ఆరోగ్యం తిరిగి రాదని, వైద్యం కూడా ఒక్కొక్కప్పుడు కొత్త జబ్బుకు కారణం కావచ్చునని లాస్కో నేర్పిన పాఠం. ప్రపంచంలో అత్యంత సంపన్నమైన పురావస్తు శాఖలలో ఒకటి, దేశ గౌరవమంతా పణంగా ఉన్నప్పటికీ, సాధించలేకపోయిన పని ఇది.

రసాయనాల నుంచి కిరణాల వైపు

సందర్శక గుహలలో ఇప్పటికీ ఎక్కువగా వాడే మందు బ్లీచింగ్ ద్రావణం. చౌక, త్వరగా పనిచేస్తుంది. కాని దాని నుంచి వెలువడే క్లోరిన్ మూసిన గాలిలో నిలిచిపోయి గుహలోని ప్రాణులన్నింటికీ హాని చేస్తుంది. దానికి బదులుగా హైడ్రోజన్ పెరాక్సైడ్ ప్రయత్నించారు. అది నీరుగా, ఆక్సిజన్‌గా విడిపోతుంది కనుక మెరుగే. అయితే నాచు చావడానికి కనీసం 15 శాతం ద్రావణం కావాలని, ఆ గాఢతలో అది సున్నపురాతిని కూడా కొరుకుతుందని 2003లో చెక్ పరిశోధకులు తేల్చారు. ముందుగా ఆ ద్రావణంలో సున్నపురాతి ముక్కలు నానవేసి దాని ఆకలి తీర్చిన తరువాతనే గోడపై చల్లవలసిందని వారే ఉపాయం చెప్పారు.

రసాయనం జాడే మిగలని పద్ధతి కోసం వెతుకుతుండగా శాస్త్రజ్ఞుల దృష్టి అతినీలలోహిత కిరణాలపై పడింది. ఇది కొత్త విద్య కాదు. సూర్యకాంతి సూక్ష్మజీవులను చంపగలదని 1877లోనే ఇంగ్లండులో డౌన్స్, బ్లంట్ అనే ఇద్దరు నిరూపించారు. కాంతితో చర్మక్షయకు చికిత్స చేసిన డెన్మార్క్ వైద్యుడు నీల్స్ ఫిన్సెన్‌కు 1903లో నోబెల్ బహుమతి లభించింది. మన ఇళ్లలో మంచినీటి ఫిల్టరులో వెలిగే చిన్న గొట్టపు దీపం ఈ జాతిదే. అందులోని పాదరసపు ఆవిరి 254 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కిరణాలను వెలువరిస్తుంది. కంటికి కనబడని ఆ కిరణాలు కణంలోని డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. దెబ్బతిన్న కణం తనవంటి మరొక కణాన్ని పుట్టించలేదు. పత్రహరితం కూడా వెలిసిపోతుంది.

ఫ్రాన్స్‌లోని ఫ్రాంష్-కోంతె విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010 తరువాతి దశాబ్దంలో ఈ పద్ధతిని ముందు ప్రయోగశాలలో, పిదప గ్లాసియేర్ అనే సందర్శక గుహలో పరీక్షించారు. పదేపదే కిరణాలు సోకిన మేర పచ్చదనం పోయింది. గోడను ముట్టుకొనే పని లేదు, గీకే పని లేదు, గుహలో విషం మిగలదు. ఇంతవరకు ఇది శుభవార్తే.

కిరణానికి కూడా హద్దులున్నవి

ఇక్కడే మన ప్రభుత్వ శాఖలు ఆగి ఆలోచించవలసి ఉన్నది. ఈ కిరణం తిన్నగా సోకిన చోటనే పనిచేస్తుంది. రాతి పగుళ్లలో, ఊడల వెనుక నీడలో దాగిన నాచు బతికిపోతుంది. జిగురుపొర దట్టంగా ఉంటే పైవరుస కణాలు చచ్చి కింది వరుసకు గొడుగు పడతాయి. మనుషుల కళ్లకు, చర్మానికి ఇది హానికరం కనుక సందర్శకులు లేని వేళలో, తగిన రక్షణతోనే వెలిగించాలి. నాచునూ గుహ సొంత సూక్ష్మజీవులనూ వేరు చేసి చూడగల విచక్షణ కిరణానికి లేదు. చచ్చిన నాచు అక్కడే ఉండి బూజుకు ఆహారమవుతుంది. పాదరసం ఉన్న దీపం తడిగుహలో పగిలితే మరొక ప్రమాదం.

అన్నింటికన్న ముఖ్యమైన మాట ఒకటి. నాచుకు ప్రాణం పోసిన మామూలు దీపం మర్నాడు ఉదయం మళ్లీ వెలిగితే, పచ్చచీడ మళ్లీ మొలుస్తుంది. పగలు ఒక దీపంతో పంట వేసి, రాత్రి మరొక దీపంతో కోయడం వైద్యం కాదు. అది శాశ్వతమైన కాంట్రాక్టు. కాంట్రాక్టరుకు దానివల్ల లాభం ఉండవచ్చు గాని గుహకు లేదు.

కనుక అతినీలలోహిత కిరణం రెండో మందు. మొదటి మందు పథ్యం. దీపాల సంఖ్య, తీవ్రత, వెలిగే వేళలు తగ్గించాలి. దీపాన్ని గోడకు దూరంగా, తడిలేని చోట అమర్చాలి. జనం వచ్చినప్పుడు వెలిగి, వెళ్లగానే ఆరిపోయే ఏర్పాటు చేయాలి. రంగు విషయంలో కూడా వివేకం కావాలి. పత్రహరితం ఆసక్తిగా తాగేది నీలి, ఎరుపు కాంతులను. పసుపు కాంతి దానికి అంతగా రుచించదు. మన పర్యాటక శాఖలు వినోదం కోసం రాళ్లపై కుమ్మరించే నీలి, ఎర్ర దీపాలు సరిగ్గా నాచుకు పెట్టే విందు భోజనం. ఒక్క రంగు మార్చితేనే సగం జబ్బు ముదరకుండా ఆగగలదు. దీనికి కోట్లు అక్కరలేదు.

బొర్రాను కాపాడిన తీర్పు

అనంతగిరి కొండలలో, సముద్రమట్టానికి దాదాపు 700 మీటర్ల ఎత్తున, గోస్తని నది చెక్కిన గుహలు బొర్రావి. కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం ఆ చెంతనే సాగిపోతుంది. శివరాత్రికి చుట్టుపక్కల ఆదివాసులు అక్కడి రాతిలింగానికి మొక్కుకొంటారు. ఒకప్పుడు విశాఖపట్నం జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వచ్చింది.

బొర్రాకు ఢిల్లీతో సంబంధం పర్యాటక నిధులతో మొదలు కాలేదు. పాఠకులకు గుర్తుండే ఉంటుంది: 1997 జులై 11న సుప్రీంకోర్టు వెలువరించిన 'సమత' తీర్పుకు కారణమైన గ్రామాలు ఈ బొర్రా చుట్టుపక్కలవే. ఐదవ షెడ్యూలు ప్రాంతంలో గిరిజనేతరులకు గనుల లీజులు ఇవ్వడాన్ని సమత అనే సంస్థ సవాలు చేసింది. హైకోర్టులో ఓడి, ఢిల్లీకి వచ్చి గెలిచింది. ముగ్గురు న్యాయమూర్తులలో ఇద్దరి మెజారిటీతో వచ్చిన ఆ తీర్పు షెడ్యూల్డు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని సైతం గిరిజనేతరులకు, ప్రైవేటు కంపెనీలకు గనుల కోసం లీజుకు ఇవ్వరాదన్నది. నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత ప్రజల అభివృద్ధికి కేటాయించాలన్న సూత్రాన్ని కూడా ముందుకు తెచ్చింది.

అంటే గనుల పలుగు నుంచి ఆ కొండను కాపాడుకొన్నది అక్కడి ఆదివాసులు సాగించిన పోరాటం. పలుగు ఒక్క దెబ్బకు చేసే పనిని దీపం నెమ్మదిగా, చప్పుడు లేకుండా చేయగలదు. పలుగును కోర్టు ఆపగలదు, ఎందుకంటే దానికి ఒక యజమాని ఉన్నాడు, ఒక లీజు కాగితం ఉన్నది. దీపానికి వ్యతిరేకంగా ఎవరు వ్యాజ్యం వేస్తారు? ఏ చట్టం కింద?

చట్టంలో లేని గుహ

ఈ ప్రశ్నకు రాజధానిలో జవాబు వెతికితే ఒక శాఖ మరొక శాఖ వైపు వేలు చూపుతుంది. 1958 నాటి పురాతన కట్టడాల చట్టంలో 'గుహ' అనే మాట ఉన్నది. కాని చారిత్రక, పురావస్తు, కళా ప్రాముఖ్యం ఉన్న గుహకే ఆ రక్షణ. అజంతాకు అది వర్తిస్తుంది. మనిషి ఉలి తగలని గుహకు, అది లక్షల ఏండ్ల నాటిదైనా సరే, కేవలం వయస్సు వల్ల ఆ గౌరవం దక్కదు. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ తిరుమల శిలాతోరణం వంటి కొన్నింటిని జాతీయ భూవైజ్ఞానిక స్మారకాలుగా ప్రకటించింది. అది బిరుదే గాని కవచం కాదు.

ఈ లోటు తీర్చడానికి 2022 డిసెంబరులో గనుల మంత్రిత్వ శాఖ భూవారసత్వ స్థలాల పరిరక్షణ కోసం ఒక ముసాయిదా బిల్లును ప్రజాభిప్రాయానికి విడుదల చేసింది. కొండలను తవ్వడానికి అనుమతులిచ్చే మంత్రిత్వ శాఖే కొండలను కాపాడే బిల్లుకు కర్త కావడం మన పాలనా వ్యవస్థలోని చమత్కారం. అధికారాలన్నీ ఢిల్లీ చేతిలో పెట్టే ఆ ముసాయిదాలో రాష్ట్రాలకు, గ్రామసభలకు చోటు ఎంత అన్నది వేరే చర్చ. అమెరికా తన ప్రభుత్వ భూములలోని గుహల కోసమే 1988లో ప్రత్యేక చట్టం చేసుకొన్నది. ప్రపంచ ప్రకృతి పరిరక్షణ సంఘం గుహల రక్షణకు 1997లో మార్గదర్శక సూత్రాలు రచించి, 2022లో వాటిని సవరించి విస్తరించింది. మనకు మాత్రం గుహ అంటే ఇంకా టిక్కెట్టు కౌంటరే.

నష్టపోయేది అందం ఒక్కటే అయితే ఇంతగా చెప్పనవసరం లేదు. మేఘాలయలోని మామ్లూ గుహలో దొరికిన ఒక సున్నపు స్తంభం పొరలలో 4,200 ఏండ్ల కిందటి మహా అనావృష్టి జాడ నమోదై ఉన్నది. దాని ఆధారంగానే 2018లో అంతర్జాతీయ భూవిజ్ఞాన సంస్థలు ప్రస్తుత భూయుగ విభాగానికి 'మేఘాలయన్' అని పేరు పెట్టాయి. మన రుతుపవనాల దినచర్య రాసి ఉంచిన పుస్తకాలు ఈ గుహలు. వాన మీద బతికే దేశం ఆ పుస్తకాలకు పాచి పట్టనివ్వడం తెలివైన పని కాదు.

చేయదగినవి

మార్గం మన ఇంటి పక్కనే కనబడుతున్నది. బస్తర్‌లోని కాంగేర్ లోయ జాతీయ వనంలో కుటుంసర్ గుహ ఉన్నది. అందులో గుడ్డి చేపలు నివసిస్తున్నవి. అక్కడ వానాకాలంలో గుహను మూసి ఉంచుతారు. తక్కిన రోజులలో స్థానిక మార్గదర్శకులు చేతి దీపాలతో యాత్రికులను తీసుకువెళతారు. దీపం మనిషితో వస్తుంది, మనిషితో పోతుంది. నాచుకు స్థిరనివాసం దొరకదు. నంద్యాల జిల్లాలోని బెలుం గుహలు మూడు కిలోమీటర్లకు పైగా పొడవు. 2002లో ప్రజలకు తెరిచినప్పుడు అందులో దాదాపు సగం మేరకే యాత్రికుల దారి వేశారు. తక్కిన సగాన్ని చీకటికే వదిలి ఉంచాలని ఇప్పుడే శాసించడం మేలు.

బొర్రా నిధులకు ఢిల్లీ కొన్ని షరతులు జోడించడం అసాధ్యమేమీ కాదు. దీపాలు మార్చకముందు గుహలో ఎక్కడ ఎంత పచ్చదనం ఉన్నదో పటం గీయించాలి. బొర్రా ద్వారం విశాలమైనది కనుక పగటి వెలుగు సోకే మేర సహజంగా పెరిగే నాచును దాని మానాన వదలి, దీపాల నాచును మాత్రమే లెక్కలోకి తీసుకోవాలి. దీపాల కాలపరిమితిని, కాంతి తీవ్రతను కాగితంపై పెట్టి అమలు చేయాలి. ఆ తరువాత కూడా మిగిలిన మచ్చలపై, ముందు చిన్న మేరలో, రాత్రివేళ అతినీలలోహిత కిరణాలు ప్రయోగించి ఫలితాన్ని ప్రకటించాలి. గుహ సొంత సూక్ష్మజీవులకు హాని లేదని తేలితేనే ముందుకు సాగాలి.

ఈ కాపలా బాధ్యత ఎవరిది అన్నది చివరి ప్రశ్న, అసలు ప్రశ్న. 1996 నాటి 'పెసా' చట్టం షెడ్యూల్డు ప్రాంతాలలో సామూహిక వనరులను, సంప్రదాయాలను కాపాడుకొనే సామర్థ్యం గ్రామసభకు ఉన్నదని గుర్తించింది. గుహ దారి తెలిసిన యువకులకు శిక్షణ ఇచ్చి, దీపాల లెక్కను, నాచు పటాన్ని వారి చేత నిర్వహింపజేసి, టిక్కెట్టు ఆదాయంలో నిర్ణీత వాటా వారి గ్రామాలకు ఇవ్వవచ్చు. గనుల లాభం గురించి 'సమత' తీర్పు చెప్పిన న్యాయానికి పర్యాటక లాభం విషయంలో మాత్రం అర్థం మారదు.

అతినీలలోహిత దీపం కొనడం సులభం. టెండరు పిలిస్తే వస్తుంది. మామూలు దీపం ఆర్పడం కష్టం, ఎందుకంటే ఆర్పిన దీపానికి ప్రారంభోత్సవం ఉండదు, శిలాఫలకం ఉండదు. ఆ కష్టమైన పనికి సిద్ధపడే శాఖ చేతిలోనే కొత్త కిరణం మందుగా పనిచేస్తుంది. తక్కినవారి చేతిలో అది మరొక కరెంటు బిల్లు మాత్రమే.